పెరట్లో పాతిపెట్టిన ఖర్చు

అమెరికాలో ఇల్లు కొనబోయే తెలుగువాళ్ళ ప్రశ్నలు ఇంచుమించు అందరివీ ఒకటే. స్కూళ్ళ రేటింగు ఎంత? ఆఫీసుకి ఎంత దూరం? ఇల్లు తూర్పు ముఖమేనా? పొయ్యి మీది ఫ్యాను పోపు ఘాటుని బయటికి పంపుతుందా, తిప్పి మన మొహానే కొడుతుందా? బేస్‌మెంటు ఫినిష్ చేసి ఉందా? ఇళ్ళు చూడ్డానికి ఎందరితోనో కలిసి వెళ్ళాను గానీ, "ఈ ఇంట్లో వాడిన నీళ్ళు ఎటు పోతాయండీ?" అని అడిగినవాళ్ళని ఇంతవరకూ చూడలేదు.

పదేళ్ళు అపార్ట్‌మెంట్లలో ఉండి వచ్చినవాళ్ళకి ఆ ప్రశ్న తట్టకపోవడంలో వింత లేదు. నగరాల్లో ఆ నీళ్ళు వీధి కింద ఉన్న సూయరు గొట్టంలోకి పోతాయి, ఇంటికి బిల్లు వస్తుంది, అంతటితో సరి. కానీ అమెరికాలో సుమారు ప్రతి ఐదిళ్ళలో ఒక ఇంటికి ఆ గొట్టం లేదు. బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళు స్కూళ్ళ కోసం ఎగబడే యాక్టన్, వెస్ట్‌ఫర్డ్, హాప్కింటన్ లాంటి ఊళ్ళలో చాలా ఇళ్ళు సెప్టిక్ మీదే నడుస్తాయి. ఇల్లు అమ్మకానికి పెట్టిన కాగితంలో గ్రానైట్ కౌంటర్ల గురించి నాలుగు వాక్యాలు ఉంటాయి, మురుగు గురించి "ప్రైవేట్ సూయర్" అని ఒక్క ముక్క ఉంటుంది. ప్రైవేట్ అనగానే అదేదో గొప్ప సౌకర్యంలా వినిపిస్తుంది. అసలు అర్థం ఏమిటంటే, మురుగు శుద్ధి చేసే కర్మాగారం మీ పెరట్లోనే ఉంది, దానికి యజమానీ, మేనేజరూ, మరమ్మతులకి డబ్బు కట్టేవారూ మీరే.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మట్టి గురించి నాకు తెలిసిందల్లా సెప్టిక్ ఉన్న ఇల్లు కొన్న తరవాతే. అప్పట్నుంచీ ఇల్లు కొనే స్నేహితులు ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు నాకు పంపించడం మొదలుపెట్టారు (మాన్యువల్ మొత్తం చదివే రకమని నాకు పేరు లెండి). ఇందులో చెప్పే రూల్సు మాసచూసెట్స్ రాష్ట్రానివి. న్యూజెర్సీలోనో జార్జియాలోనో ఉన్నవాళ్ళకి అంకెలు మారతాయి. మట్టి మాత్రం ఎక్కడైనా ఒకేలా పనిచేస్తుంది.

ముందు ఈ యంత్రం సంగతి. యంత్రం అంటున్నాను గానీ మామూలు సెప్టిక్‌లో కదిలే భాగం ఒక్కటీ లేదు, కరెంటు అక్కర్లేదు. ఫ్రాన్సులో మూరా అనే ఆయన 1860 ప్రాంతంలో ఇలాంటి గాలి చొరబడని తొట్టె కట్టించాడు. చాలా ఏళ్ళ తరవాత మూత తీసి చూస్తే నిండిపోయి ఉండవలసిన తొట్టెలో గట్టి పదార్థం పెద్దగా లేదట. 1881లో దానికి పేటెంటు వచ్చింది. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ దానికి సెప్టిక్ టాంకు అని పేరు పెట్టాడు. ఇవాళ మన పెరట్లో ఉన్నది సూత్రంలో అదే వస్తువు.

ఇంట్లోంచి వచ్చే నీళ్ళన్నీ భూమిలో పాతిన కాంక్రీటు టాంకులో పడతాయి. బరువైనది అడుక్కి దిగి బురద అవుతుంది. నూనె, జిడ్డు పైకి తేలి తెట్టె కడతాయి. గాలి అక్కర్లేని బాక్టీరియా ఆ బురదని కొంత తినేస్తుంది, మొత్తం తినదు. మధ్యలో మిగిలిన మురికి నీళ్ళు అవతలి గొట్టం గుండా డీ-బాక్సు అనే చిన్న కాంక్రీటు పెట్టెలోకి వెళ్ళి, అక్కణ్ణించి చిల్లులున్న నాలుగైదు గొట్టాల్లోకి సమంగా పంపిణీ అవుతాయి. ఆ గొట్టాలు కంకర పరిచిన కందకాల్లో ఉంటాయి. దీన్ని లీచ్ ఫీల్డు అంటారు. నీళ్ళు కంకరలోంచి మట్టిలోకి ఇంకుతూ పోతుంటే, గాలి ఉన్న మట్టిలోని సూక్ష్మజీవులు రోగకారక క్రిముల్ని చంపి, మిగిలిన మురికిని తినేస్తాయి. అంటే టాంకు చేసేది వడపోత లాంటి పనే, అసలు శుద్ధి చేసేది మట్టి. ఖర్చుల కథంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

మా మిత్రుడి నాన్నగారు భీమవరం నుంచి వచ్చి ఆరు నెలలున్నారు. పంపింగు బిల్లు చూసి, "మూడేళ్ళకోసారి తీయించడమేమిటి బాబూ? మా ఇల్లు కట్టి ముప్పై ఏళ్ళయింది, రెండుసార్లు తీయించామేమో" అన్నారు. బాబాయిగారి మాట నిజమే. అయితే అక్కడి ఇళ్ళలో టాంకులోకి వెళ్ళేది చాలావరకు దొడ్డి నీళ్ళే. స్నానం నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు కొబ్బరి చెట్టుకో, అరటి పాదుకో, వీధి కాలవకో పోతాయి. టాంకు పై నీళ్ళు కూడా చాలాచోట్ల కాలవలోకే వదిలేస్తారు. అలా వదిలేస్తే పాడవడానికి లీచ్ ఫీల్డంటూ ఏదీ ఉండదు, ఆ మురుగు ఖర్చు ఊరు మొత్తం దోమల రూపంలో, జబ్బుల రూపంలో కడుతుంది. ఇక్కడ షవర్, డిష్‌వాషర్, బట్టల మెషీను, అన్నిటి నీళ్ళూ ఆ ఒక్క టాంకులోకే రావాలి, పెరటి మట్టిలోకే ఇంకాలి.

అందుకే పంపింగు. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ మామూలు ఇంటికి మూడు నుంచి ఐదేళ్ళకోసారి తీయించమంటుంది. ఒక్కోసారికి 250 నుంచి 500 డాలర్లు అవుతుందని దాని కరపత్రాల్లో ఉంది. మా ప్రాంతంలో నేను చూసిన బిల్లులు ఆ పై అంకె దగ్గరే ఉన్నాయి. ఇక్కడ చాలామందికి ఒక అపోహ: టాంకు "నిండితే" తీయించాలని. టాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది, ఒక చెంబెడు లోపలికి వస్తే ఒక చెంబెడు బయటికి పోతుంది. తీయించాలో లేదో చెప్పేది అడుగు బురద, పై తెట్టెల మందం. ఆ రెండూ కలిసి నాలుగో వంతు దాటితే ఇక ఆగకూడదు. ఆగితే టాంకుకేమీ కాదు. బురద గొట్టం దాకా లేచి, నీళ్ళతో పాటు లీచ్ ఫీల్డులోకి ప్రయాణం కడుతుంది. అక్కడ కంకరకీ మట్టికీ మధ్య నల్లటి జిగురు పొర ఒకటి మామూలుగానే ఉంటుంది. జిడ్డు, బురద చేరేకొద్దీ అది మందమెక్కి నీళ్ళని ఇంకనివ్వదు. టాంకుని ఎన్నిసార్లయినా ఖాళీ చేయించవచ్చు గానీ, మూసుకుపోయిన మట్టిని ఖాళీ చేసే లారీ ఎవరి దగ్గరా లేదు. 450 డాలర్లు కట్టి మనం కాపాడుకునేది టాంకుని కాదు, ఆ మట్టిని.

మూడేళ్ళకోసారి 450 చొప్పున ముప్పై ఏళ్ళకి వేసుకుంటే 4500 డాలర్లు. దీనికి రెండు చిన్న ఖర్చులు కలుపుకోండి. టాంకు మూత అడుగున్నర లోతులో ఉంటే తీయించిన ప్రతిసారీ తవ్వినందుకు వేరే డబ్బు తీసుకుంటారు. మూతని నేల మట్టానికి తెచ్చే రైజర్ ఒకసారి వేయిస్తే ఆ బాధ ఉండదు. వేయిస్తే మూతని స్క్రూలతో బిగించే ఉంచండి. పిల్లలు తిరిగే చోటు అది, లోపలున్నది నిమిషాల్లో ప్రాణం తీసే గాలి. మన దేశంలో మనుషుల్ని సెప్టిక్ టాంకుల్లోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించినా చావులు ఆగకపోబట్టే, 2023 అక్టోబరులో సుప్రీం కోర్టు ఆ కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచవలసి వచ్చింది. ఎవరి టాంకైనా ఆ గాలి ఒకటే. రెండో ఖర్చు, టాంకు బయటికెళ్ళే గొట్టానికి పెట్టే ఫిల్టరు. లీచ్ ఫీల్డులోకి పోబోయే పీచూ పిప్పీ దానికి పట్టుకుంటాయి. దాని ధర పంపింగు ఖర్చు ముందు లెక్కలోకి రాదు, ఏటా ఒకసారి కడిగించాలి. ఇవి కాక, దుకాణాల్లో సీసాల్లో అమ్మే "బాక్టీరియా మందు" మాత్రం మామూలు ఇంటికి అక్కర్లేదు. ఆ బాక్టీరియాని మనం రోజూ ఉచితంగానే సరఫరా చేస్తున్నాం.

ఇక మన ఇళ్ళకే ప్రత్యేకమైన సంగతి, పడకగదుల లెక్క. మాసచూసెట్స్‌లో సెప్టిక్ రూల్సుని టైటిల్ ఫైవ్ అంటారు. 1995లో వాటిని గట్టిగా తిరగరాశారు. దాని ప్రకారం సెప్టిక్ సైజు బాత్రూముల్ని బట్టో, మనుషుల్ని బట్టో కాదు, పడకగదుల్ని బట్టి ఉంటుంది. గదికి రోజుకి 110 గాలన్లు. నాలుగు పడకగదులకి 440. నూనె మరకల చొక్కాలన్నీ ఆదివారమే ఉతికే మన అలవాటుకి ఈ అంకె ముఖ్యం. మనిషికి రోజుకి సగటున 70 గాలన్లనుకుంటే అమ్మానాన్నలతో కలిసి ఆరుగురున్నా 420, లెక్కలోనే ఉన్నాం. కానీ పాత మెషీనులో ఒక్కో విడతకి 40 గాలన్లు చొప్పున ఆరు విడతలు ఒక్క పూటలో వేస్తే 240 గాలన్లు ఒక్కసారిగా తోసుకొచ్చి, కిందికి దిగవలసిన బురదని దిగనివ్వవు. ఇంతకన్నా దొంగ, కారే టాయిలెట్. చప్పుడు చెయ్యకుండా రోజుకి 200 గాలన్ల దాకా వదలగలదు. ముగ్గురు చుట్టాలు వచ్చి, కనపడకుండా ఇంట్లోనే ఉండిపోయినట్టు.

పడకగది అంటే ఏమిటో కూడా టైటిల్ ఫైవ్ నిర్వచించింది. కనీసం 70 చదరపు అడుగుల నేల, తగినంత ఎత్తు, కిటికీ, కరెంటు, చాటు ఉన్న గది అయితే దాన్ని మీరు ఆఫీసు రూమనండి, పూజ గది అనండి, టౌను హెల్త్ బోర్డు పడకగది అనే అవకాశం ఉంది. ఇంకో తమాషా: బాత్రూములు, నడవాలు, ఫినిష్ చెయ్యని బేస్‌మెంటు లాంటివి తీసేసి, ఇంట్లో మొత్తం గదులు ఎనిమిది దాటితే ఆ మొత్తాన్ని రెండుతో భాగించి, శేషం వదిలేసి, అన్ని పడకగదులున్నట్టు లెక్కగడతారు. పదకొండు గదులుంటే ఐదు. పూర్ణాంకాల భాగహారాన్ని చట్టంలో చూడటం నాకదే మొదటిసారి.

ఇందులో నవ్వులాట కానిది ఒకటుంది. మిత్రుడొకరు నాలుగు పడకగదుల ఇల్లు కొన్నారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పి, మెట్లెక్కలేరు. తోటవైపు నేల మట్టానికి తలుపున్న బేస్‌మెంటులో ఆవిడకో గది, పక్కనే బాత్రూము కట్టిద్దామని అనుకున్నారు. కాంట్రాక్టరు 60 వేల డాలర్లకి ఒప్పుకున్నాడు. పర్మిట్టుకి వెళ్తే టౌనువాళ్ళు సెప్టిక్ ప్లాను తీసి, ఇది 440 గాలన్లకే డిజైన్ చేసిందన్నారు. ఐదో పడకగదికి లీచ్ ఫీల్డు పెంచాలి, పెంచడానికి మంచి మట్టి ఉన్న జాగా పెరట్లో మిగల్లేదు. చివరికి డబ్బు ఉండి కూడా ఆ గది కట్టలేకపోయారు. భోజనాల గదిని అమ్మగారికిచ్చి తెర కట్టారు. ఆ ప్లాను టౌను ఆఫీసులో అందరికీ చూపించే కాగితమే. ఇల్లు కొనకముందే అడిగి తెచ్చుకోవచ్చు. దాని మీద డిజైన్ గాలన్లు, కట్టిన సంవత్సరం, లీచ్ ఫీల్డు ఎక్కడుందో, దానికి బదులుగా వదిలిన రిజర్వు జాగా ఉందో లేదో అన్నీ ఉంటాయి. నన్నడిగితే స్కూలు రేటింగు తరవాత చూడవలసిన కాగితం అదే.

ఇల్లు అమ్మేటప్పుడు టైటిల్ ఫైవ్ ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి. రిపోర్టు రెండేళ్ళు చెల్లుతుంది, ఏటా పంపింగు చేయించిన రశీదులుంటే మూడేళ్ళు. పాస్, షరతులతో పాస్, ఫెయిల్ లాంటి ఫలితాలు ఉంటాయి. డీ-బాక్సు పగిలిందనుకోండి, మార్పించుకుంటే పాస్. నేను చూసిన బిల్లు 1400 డాలర్లు. లీచ్ ఫీల్డు నీళ్ళు తీసుకోవడం మానేసి డీ-బాక్సులో మట్టం గొట్టాల పైకి లేచినా, గడ్డి మీదికి మురుగు ఊరినా, ఏడాదిలో నాలుగుసార్లకి మించి పంపింగు చెయ్యవలసి వచ్చినా ఫెయిల్. సాధారణంగా రెండేళ్ళలో బాగు చేయించాలి. ఇన్‌స్పెక్షనుకి ముందు టాంకు ఖాళీ చేయించో, ఇల్లు కొన్నాళ్ళు పాడుబెట్టో తప్పించుకుందామని చూసే అమ్మకందార్లు లేకపోలేదు. అందుకే రిపోర్టులో డీ-బాక్సు లోపలి గోడ మీద పాత నీటి మరక ఎంత ఎత్తున ఉందని రాశారో నేను ముందు అది చూస్తాను. నీళ్ళు దిగిపోయినా మరక దిగదు.

ఫెయిలయితే ఎంతవుతుంది? మామూలు సిస్టానికి 5 వేల నుంచి 15 వేల డాలర్లని ఈపీఏ అంటుంది. బోస్టన్ శివార్లలో ఆ ధరకి చేసేవాళ్ళు నాకు తగల్లేదు. ఒకే వీధిలో, ఇంచుమించు ఒకే రకం ఇళ్ళకి నేను చూసిన రెండు బిల్లుల్లో ఒకటి 26 వేలు, రెండోది 54 వేలు. రెండో ఆయన కాంట్రాక్టరు మోసం చేశాడేమోనని కాగితాలు నాకు పంపారు. మోసం లేదు, మట్టిలో తేడా.

టాంకు ధర ఈ మొత్తంలో చాలా చిన్న ముక్క. పని మొదలవ్వకముందే ఇంజనీరు, మట్టి పరీక్షకుడు, టౌను ప్రతినిధి వచ్చి బాక్‌హోతో లోతుగా గోతులు తవ్విస్తారు. ఒక గోతిలో నీళ్ళు పోసి ఒక్కో అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పెట్టి చూస్తారు. ఇది పర్క్ టెస్టు. ఇసుక నేలలో చకచకా దిగిపోతుంది, బంకమట్టిలో గంట పట్టినా దిగదు. దిగడం ఆలస్యమైన కొద్దీ అవే నీళ్ళకి పెద్ద లీచ్ ఫీల్డు కావాలి. ఇంకో గోతిలో పరీక్షకుడు గోడ పట్టుకుని మట్టి రంగులు చదువుతాడు. బూడిదరంగు మట్టిలో తుప్పు రంగు మచ్చలు కనిపించిన చోట గీత గీసి, వసంతంలో భూగర్భ జలం ఇక్కడిదాకా లేస్తుందని చెప్తాడు. ఎండిపోయిన ఆగస్టులో నిలబడి ఏప్రిల్ నీటి మట్టం చెప్పడం చూసి నాకు ముచ్చటేసింది. నీళ్ళు నిలిచి గాలి ఆడనప్పుడు మట్టిలోని ఇనుము కరిగి కదలడం, గాలి తగిలిన చోట తిరిగి తుప్పుపట్టడం, ఆ మచ్చల రహస్యం ఇంతే. లాగ్ ఫైలు చూసి నిన్న రాత్రి సర్వరుకేమైందో చెప్పడం లాంటిదే.

లీచ్ ఫీల్డు అడుక్కీ ఆ గీతకీ మధ్య కనీసం నాలుగడుగుల మట్టి ఉండాలి, నీళ్ళు మరీ వేగంగా దిగే నేలలో ఐదు. 26 వేల ఇంటికి ఆ గీత లోతుగా ఉంది. 54 వేల ఇంటికి రెండడుగుల లోతులోనే ఉంది. కాబట్టి లారీలకొద్దీ ఇసుక తెచ్చి పెరట్లో దిబ్బ పోసి, దాని మీద లీచ్ ఫీల్డు కట్టి, దిబ్బ జారకుండా గోడ పెట్టి, నీళ్ళు పైకెక్కడానికి ఒక పంపు, పంపుకో గది, కరెంటు, అలారం పెట్టారు. కదిలే భాగమే లేని యంత్రానికి మోటారు వచ్చింది. ఇక మోటారు మార్చే ఖర్చూ వస్తుంది. ఊళ్ళో బావి నీళ్ళు వాడే ఇళ్ళుంటే లీచ్ ఫీల్డు బావికి వందడుగుల దూరంలో ఉండాలి, అదొక చిక్కు. మన వాస్తు ప్రకారం ఇది వాయవ్యంలో ఉండాలని, ఈశాన్యంలో అసలు కూడదని ఆ 54 వేల ఆయన బాధపడ్డారు. టౌను ప్రకారం పెరడు మొత్తానికీ పనికొచ్చే మట్టి ఉన్నది ఈశాన్యంలోనే. మట్టే గెలిచింది.

ఈ డబ్బు ఇంటి ఇన్సూరెన్సు ఇస్తుందనుకోకండి. అరిగి పాడైనదానికి మామూలు పాలసీలు కట్టవు. ఆదుకునేది రాష్ట్రం ఆదాయపు పన్ను. సొంతంగా ఉండే ఇంట్లో ఫెయిలైన సిస్టం మార్పిస్తే, 2023 నుంచి ఖర్చులో 60 శాతం, గరిష్ఠంగా 18 వేల డాలర్లు పన్నులో తగ్గించుకోవచ్చు. అయితే ఏడాదికి 4 వేలే. అంటే 30 వేలు దాటిన ఖర్చుకి పూర్తి 18 వేలు రావాలంటే ఐదేళ్ళు పడుతుంది, ఈ లోపల కాంట్రాక్టరుకి మాత్రం మొత్తం ఇచ్చేయాలి. చాలా టౌన్లు ఈ పనికి తక్కువ వడ్డీ అప్పు ఇచ్చి ఇంటి పన్ను బిల్లులో కలిపి వసూలు చేసుకుంటాయి. హెల్త్ బోర్డు ఆఫీసులో అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. కేప్ కాడ్ వైపు కొనేవాళ్ళు ఇంకో మాట వినాలి. మామూలు సెప్టిక్ నత్రజనిని పెద్దగా ఆపదు, అది ఉప్పుటేరుల్లో చేరి నాచు పెంచుతోందని 2023 జులై నుంచి అక్కడ కొత్త రూల్సు వచ్చాయి. నత్రజని తీసే సిస్టాలకి గాలి ఊదే మోటారూ, ఏటేటా సర్వీసు కాంట్రాక్టూ తప్పవు.

వంటింటి విషయం చెప్పకపోతే ఈ వ్యాసం తెలుగువాళ్ళ కోసం రాసినట్టు కాదు. గారెలు వేయించిన మూకుడు, నెయ్యి గిన్నె, పులుసు అడుగున తేలిన నూనె, ఇవన్నీ వేడినీళ్ళతో కడిగితే సింకులోంచి మాయమవుతాయి గానీ టాంకులో చల్లబడి తెట్టె కడతాయి. నూనె కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేయడం పెద్ద పని కాదు. సింకు కింది గ్రైండరు ఇంకా ఖరీదైన సౌకర్యం. కరివేపాకు, మునక్కాడ పిప్పి, మిగిలిన అన్నం అంతా నలిపి టాంకుకి పెడుతుంది. గ్రైండరు ఉన్న ఇంటికి కొత్త లీచ్ ఫీల్డు కట్టాలంటే టైటిల్ ఫైవ్ 50 శాతం పెద్దది కట్టమంటుంది. ఆ యాభై శాతం ఇసుకా కంకరా ధర లెక్కేసి చూసి, మా ఇంట్లో గ్రైండరు తీయించేసి మామూలు జాలీ పెట్టించాం.

చివరిగా తోట. మన ఆడవాళ్ళూ, రిటైరై వచ్చిన నాన్నలూ మే నెల రాగానే గోంగూర, ఆనప, బెండ విత్తడానికి పెరట్లో జాగా వెతుకుతారు. చెట్ల నీడ లేకుండా, చదునుగా, పచ్చగా గడ్డి పెరిగిన ముక్క ఒకటి కనిపిస్తుంది. తొంభై పాళ్ళు అది లీచ్ ఫీల్డే, అందుకే అక్కడ చెట్లు లేవు. దాని మీద గడ్డి తప్ప ఏదీ వెయ్యకూడదు. కూరలైతే అడుగున ఉన్నది మురుగు, తవ్వితే గొట్టాలు, పైన మట్టి పోసి మళ్ళు కడితే నీళ్ళు ఆవిరయ్యే దారి మూసుకుపోతుంది. కారు పెట్టినా, పుట్టినరోజుకి టెంటు మేకులు దిగగొట్టినా అదే ముప్పు. టౌను ప్లాను చూసి ఆ ముక్క నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టుకుంటే సరిపోతుంది. ఆ 54 వేల వారి గోంగూర ఇప్పుడు డ్రైవ్‌వే పక్కన తొట్లలో పెరుగుతోంది, కిందటి ఆగస్టులో మాకూ ఒక సంచీడు ఇచ్చారు.